రిగ్గైలో తిరగని రుబ్బురోలు

ఆ రోజుల్లో కువైట్‌లో మనవాళ్ళు పెళ్లిచూపులు పెట్టుకోవాలంటే ముందుగా వెతుక్కోవలసింది పిల్లనీ కాదు, పిల్లవాణ్ణీ కాదు, చోటుని. పనిచేసే ఇంట్లో కుదరదు, అది మామా ఇల్లు (ఇక్కడ మామా అంటే ఇంటి యజమానురాలు). ఉండే గదిలో కుదరదు, అక్కడ మంచాల మధ్య కాలు పెట్టే సందుండదు. పార్కులో ఎండ. మాల్‌లో జనం. పోనీ శుక్రవారం ఆరాధన అయ్యాక చర్చి దగ్గరే కానిద్దామంటే, చూసుకునేది మనమైనా తీర్పు చెప్పేది మాత్రం సంఘమంతానూ. ఇప్పటి పిల్లలు ఫోన్లో ముఖాలు చూసుకుని, నచ్చలేదని ఫోన్లోనే చెప్పేసుకుని, అదే ఫోన్లో బిర్యానీ తెప్పించుకుని హాయిగా తింటున్నారు. వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే నా పెళ్లిచూపులు ఒక మ్యూజియంలో జరిగాయి. అదీ మామూలు మ్యూజియం కాదు. పాత కత్తులూ, పడవలూ, నగలూ ఉండేదైతే కాస్త కాలక్షేపమైనా అయ్యేది. ఒకే ఒక్క శిల్పి చెక్కిన రాళ్ళు తప్ప ఇంకేమీ లేని మ్యూజియం.

అప్పుడు నేను ఫర్వానియాలో ఒక చిన్న క్లినిక్‌లో నర్సుని. కాన్పుల వార్డు. మాది నరసాపురం పక్కన ఒక పల్లె. నన్ను కువైట్‌కి తీసుకొచ్చింది మా పిన్ని, అంటే మా అమ్మ చెల్లెలు. ఆవిడ రిగ్గైలో ఒక ముసలి మామా ఇంట్లో వంటా, ఇల్లూ చూసుకునేది. చిన్నప్పటి నుంచీ ఇంట్లో నన్ను అందరూ 'రేడియో' అనేవారు. (ఆ పేరు పెట్టినవాళ్ళు రేడియో కట్టేస్తే ఊరుకుంటుందన్న సంగతి మరిచిపోయారు. నేను ఊరుకోను.) ఆ నోటి మూలంగానే అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మొదటి అబ్బాయి "వంట వచ్చా?" అని అడిగితే, "మీకు వచ్చా?" అని అడిగాను. ఇందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండో అబ్బాయి తరఫు పెద్దాయన నా జీతం ఎంతని అడుగుతుంటే, ఆయన ముఖం ఎర్రగా ఉండటం చూసి, ముందు బీపీ చూపించుకోండి అన్నాను. నర్సుని కనక మంచికే చెప్పాను. ఆ సంబంధం మెట్లు దిగేలోపే పోయింది.

మూడోది వఫ్రా అబ్బాయి. అక్కడి తోటల్లో పంపులూ, గ్రీన్‌హౌస్‌లో కూలర్లూ చూసుకునే మెకానిక్. అమలాపురం వైపు వాళ్ళు. పిన్ని ఫోటో తెచ్చి ఇచ్చింది. టమాటా మొక్కల మధ్య నిలబడి, కళ్ళు చిట్లించి, ఎవరిమీదో చిరాకు పడుతున్నట్టున్నాడు. నాకెందుకో ఆ చిరాకు నచ్చింది. ఆ ఫోటో డ్యూటీ కోటు జేబులో పెట్టుకుని వారం తిరిగాను. ఆ మాట పిన్నికి చెప్పలేదు గానీ, కోటు ఉతకడానికి వేస్తే ఆవిడకే దొరికింది. ఇక చూడండి, ఆవిడ జోరు.

"ఒసే రేడియో, నీకు నచ్చాడని నాకు తెలిసిపోయింది. ఇది గనక తప్పిపోతే నీకు పెళ్ళి సేసే ఓపిక నాకు లేదు. నువ్వేం సెయ్యక్కర్లేదే. ఓ గంట, ఒక్క గంట, ఆ నోరు మూసుకుని ఉండు. నీకు దణ్ణం పెడతాను."

"వాళ్ళేమన్నా అంటేనో?"

"అననీ. అన్నా మూసుకో."

మూసుకుంటానని బైబిల్ మీద చెయ్యి వేయించుకుంది. ఒక్క గంట. ఆ అబ్బాయి కోసం ఒక్క గంట ఊరుకోలేనా అనుకున్నాను. అప్పటికి నేను అతని మేనత్తని చూడలేదు.

చోటు కూడా పిన్నే కుదిర్చింది. వాళ్ళ మామా తమ్ముడు శిల్పి. ఆయన పోయాక, ఆయన ఉన్న విల్లానే మ్యూజియం చేసి, ఆవిడ కళ్ళలో పెట్టుకుని చూసుకునేది. మామా ఇంటికి నాలుగడుగుల దూరం. పిన్ని అప్పటివరకూ గేటు దాటి లోపలికి వెళ్ళింది లేదు. "సల్లగా ఏసీ ఉందంట, బల్లలున్నాయంట, టిక్కెట్టు లేదు, మడిసి పొడ కనపడదు. పెళ్లిచూపులకని సెప్పలేదులే, మా వాళ్ళు రాళ్ళు సూత్తారంట అన్నాను. మామా ఎంత సంతోషపడిందో!" అంది. ఒక మనిషి జీవితమంతా కూర్చుని చెక్కిన పనంతటినీ మా పిన్ని ఏసీ కోసం వాడుకుంది.

శుక్రవారం ఆరాధన అయ్యాక నలుగురం గేటు దగ్గర కలుసుకున్నాం. నేను, పిన్ని, వఫ్రా అబ్బాయి, అతని మేనత్త. ఆవిడ సులైబియా వైపు ఒక పెద్ద ఇంట్లో వంటమనిషి. కువైట్‌కి వచ్చిన తెలుగు ఆడవాళ్ళందరిలోకీ తానే ముందు వచ్చానని ఆవిడ నమ్మకం. వస్తూనే నన్ను ఆపాదమస్తకం చూసి, పిన్నితో "ఫోటోలో ఇంకొంచెం తెల్లగుంది" అంది. గంట లెక్క అప్పుడే మొదలైందో లేదో తెలియక నోరు మూసుకున్నాను. అబ్బాయి ఏమైనా అంటాడేమోనని చూశాను. అతను గేటు కీలు వైపు చూస్తున్నాడు.

లోపల బెంగాలీ గార్డు ఒకడు కూర్చునున్నాడు. పిన్ని చేతిసంచీలో టీ ఫ్లాస్కూ, బెల్లం గవ్వలూ, కారప్పూసా ఉన్నాయి. అతను సంచీ అందుకుని బల్ల కింద పెట్టేసి, "ఖానా అందర్ మనా" అన్నాడు. తిండి లోపలికి రానివ్వరట. పిన్ని ముఖం వాడిపోయింది. పెళ్లిచూపులంటే పిల్ల టీ పట్టుకుని రావాలి కదా! మేనత్త వెంటనే అందుకుంది.

"టీ లేకపోతే ఎట్టా వదినా? పిల్ల నడక ఎట్టా తెలుద్ది? సెయ్యి వణుకుద్దో లేదో ఎట్టా తెలుద్ది?"

నేను నెలలు నిండని పసిపిల్లలకి సూది వేసే నర్సుని. నా చెయ్యి వణుకుతుందో లేదో టీ కప్పుని అడగాలట. పళ్ళు బిగించాను.

హాల్లోకి వెళ్ళగానే ఇంకో గొడవ. మేనత్త గుమ్మంలోనే ఆగిపోయి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఇదేంటి వదినా, విగ్రహాల కొంపలోకి తెచ్చావు? ఆరాధన సేసుకుని తిన్నగా విగ్రహాల కాడికా?" మా పిన్ని తక్కువ తిన్నది కాదు. నాలుగు వైపులా చూసి, "ఇయ్యి విగ్రహాలు ఎందుకవుతాయి వదినా? ఒక్కదానికైనా ముక్కుందా, మొగముందా? ఉత్త రాళ్ళు" అంది. మేనత్త దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కటీ పరీక్షగా చూసింది. నిజమే. ఒకటి గుడ్డులా ఉంది. ఒకటి చిల్లులు పడ్డ గోడలా ఉంది. ఇంకొకటి ఏమిటో నేను చెప్పను, చర్చి నుంచి వచ్చినవాళ్ళం. మొత్తానికి ఎక్కడా ముక్కు కనపడకపోవడంతో ఆవిడ మనసు కుదుటపడి, "అయితే పార్థన సేసుకుందాం" అని కళ్ళు మూసుకుంది.

మేమూ మూసుకున్నాం. ఆవిడ ప్రార్థన చిన్నది కాదు. వాళ్ళ కుటుంబంలో ప్రతివాడి వీసా గురించీ, మోకాళ్ళ గురించీ విన్నవించుకుంటూ పోతోంది. ఒక కన్ను తెరిచి చూశాను. అబ్బాయి కూడా కళ్ళు తెరిచే ఉన్నాడు. నా గుండె గబగబా కొట్టుకుంది. అతను నన్నే దొంగచాటుగా చూస్తున్నాడనుకున్నాను. కాదు. నా వెనకున్న చిల్లుల రాయిని చూస్తున్నాడు. పెళ్లిచూపులకి వచ్చి రాయిని చూసే మగవాణ్ణి ఏమంటారు? నేను పోపు పెట్టినట్టు చిటపటలాడుతుంటే, ఆవిడ తాపీగా "ఆమెన్" అంది.

తర్వాతి కార్యక్రమం నా నడక. "టీ లేకపోతే పోయింది, అట్టా ఆ గుండ్రాయి దాకా నడిచి రామ్మా" అంది మేనత్త. నడిచాను. "ఇప్పుడు ఆ పొడుగు రాయి కాడికి." అక్కడికీ నడిచాను. హాలంతా రాళ్ళు, మధ్యలో ఒక్కదాన్నే ప్రాణమున్నదాన్ని, రాయి నుంచి రాయికి నన్ను తిప్పుతున్నారు. ఆ రాళ్ళని ఎవరూ నడవమనలేదు, తెల్లగా లేవనలేదు. పైగా వాటికి ఏసీ, కాపలా, మెత్తని లైట్లు. నాకు ఆ శిల్పి మీద కూడా కోపం వచ్చింది. ఆయన తిన్నగా ముక్కూ మొహం చెక్కి ఉంటే మేనత్త గుమ్మంలోంచే వెనక్కి తిరిగి ఉండేది, నాకీ ఊరేగింపు తప్పేది. ఇంత జరుగుతున్నా అబ్బాయి నోరు విప్పడు. ప్రతి రాయి చుట్టూ తిరుగుతాడు, వంగుతాడు, కింద ఎలా బిగించారో చూస్తాడు. ఫోటోలోని చిరాకు నామీద కాకపోయినా, వాళ్ళ అత్త మీదైనా చూపించవచ్చు కదా! నోరు లేనివాడి ఫోటో వారం రోజులు జేబులో మోశానే అని కడుపు రగిలిపోయింది.

ఆఖరి గదిలో ఉంది అది. నల్లరాయి. గుండ్రంగా, నున్నగా, మధ్యలో పెద్ద గుంట. ఆ గుంటలో, కొంచెం పక్కకి ఒరిగి, కోడిగుడ్డు ఆకారంలో ఇంకో నల్లరాయి. ముందు చూసింది పిన్ని.

"అయ్యబాబోయ్, రుబ్బురోలు!"

నవ్వుతారేమో, నేను ఒప్పుకోను. మీరున్నా అదే అనేవారు. రోలూ, అందులో పొత్రమూ. మా అమ్మ ఇంటి వెనక వసారాలో ఉన్నదానికీ, దీనికీ తేడా అల్లా దీనిమీద పిండి మరకలు లేకపోవడమే. పిన్ని దాని ముందు చతికిలబడిపోయింది. "ఎన్నేళ్ళయిందే దీన్ని సూసి! ఇక్కడి మిక్సీలో గారెల పిండి రుబ్బితే ఏడుపొచ్చుద్ది. సచ్చినోళ్ళు, ఇంత మంచి రోలుని గదిలో పెట్టి లైటేశారు!" అంటూ దాని నున్నటి అంచు నిమిరింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు కోపం కాస్త చల్లారింది కూడా. అప్పుడే మేనత్త నోరు తెరిచింది.

"మంచిదయ్యింది వదినా. ఏదమ్మా, నాలుగు తిప్పులు తిప్పు సూద్దాం. ఇప్పటి పిల్లలకి రుబ్బటం ఎక్కడొచ్చుద్ది?"

పిన్ని నావైపు చూసింది. ఆ చూపులో నేను వేసిన ప్రమాణముంది, కోటు జేబులో ఫోటో ఉంది. సరే, గంట అయిపోవచ్చింది, ఇదొక్కటి చేసేస్తే పోతుందనుకున్నాను. చున్నీ నడుముకి చుట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో పొత్రం పట్టుకున్నాను. తిప్పాను. కదల్లేదు. ఇంకాస్త బలంగా తిప్పాను. ఊహూఁ. రోలుకి కాలు అడ్డం పెట్టి, ఊపిరి బిగబట్టి, ఆ పొద్దుటి నుంచీ మింగిన మాటలన్నిటి కసీ తీరేలా లాగాను. చెమటలు పట్టాయి గానీ పొత్రం మాత్రం అంగుళం జరగలేదు.

మేనత్త పెదవి విరిచింది. "బలం లేదు వదినా. పిల్లకి రక్తం తక్కువ."

రక్తం తక్కువ! నాకు! రోజూ పదిమంది చూలింతలకి రక్తపరీక్ష చేసి, ఎవరికి ఎంత తక్కువో చెప్పేది నేను. ఇక నావల్ల కాలేదు. ప్రమాణం, ఫోటో, అన్నీ ఎగిరిపోయాయి.

"ఏమండీ, నా రక్తం సంగతి మీరు చెబుతారా? మీ కళ్ళ కింద ఎంత పాలిపోయి ఉందో చూసుకున్నారా? వచ్చినప్పటి నుంచీ తెల్లగా లేనన్నారు, నడిపించారు, తిప్పారు. నన్నేమైనా సంతలో గేదెననుకున్నారా? ఈ రాయి కదలకపోతే నా తప్పా? మీకంత రక్తముంటే మీరు తిప్పండి, చూద్దాం!"

గది గోడలన్నీ మారుమోగాయి. పిన్ని తల పట్టుకుంది. మేనత్తకి రోషం వచ్చింది. "తిప్పలేననుకున్నావా? నేను పెళ్ళిళ్ళకి రుబ్బినదాన్ని!" అని చీర దోపి కూర్చుంది. లాగింది. కదల్లేదు. "వదినా, నువ్వో సెయ్యెయ్యి" అంది. పిన్ని ఒకవైపు, ఆవిడ ఒకవైపు. నాకూ పంతం పుట్టి మధ్యలో నేను. ముగ్గురం ఆడవాళ్ళం నేలమీద కూర్చుని "హైస్సా" అంటూ ఆ పొత్రాన్ని గుంజుతుంటే, అరుపులు విని గార్డు పరుగెత్తుకొచ్చాడు.

"అరే, ఛోడో! ఛోడో! క్యా కర్ రహే హో?"

వదలమని అరుస్తూ మా చేతులు విడదీశాడు. గోడమీద రేకుని వేలితో పొడిచి చూపించాడు. అందులో అరబిక్‌లోనూ, ఇంగ్లీషులోనూ ఆ శిల్పం పేరుంది. నేను చదివి నీరుగారిపోయాను. పేరు 'తల్లీ బిడ్డా'.

కాన్పుల వార్డు నర్సుని. ఎందరు బిడ్డల్నో జాగ్రత్తగా తల్లుల ఒడిలో పెట్టినదాన్ని. ఆ రోజు మాత్రం తల్లి ఒడిలోంచి బిడ్డని బలవంతాన గుంజాను. మేనత్త మాత్రం ఏమీ తొణకలేదు. "ఇదా తల్లి? తలకాయేదీ?" అని గార్డుని నిలదీసింది. అతనికి తెలుగు రాదు. "మామా కో బోలేగా, ఖలాస్!" అని, మామాకి చెప్పేస్తానంటూ మమ్మల్ని గేటు బయటికి తోలి, మా సంచీ మాకిచ్చి, తలుపేసుకున్నాడు.

బయట మెట్లమీద, ఎండలో, టీ తాగాం. పోస్తుంటే నా చెయ్యి కోపంతో వణుకుతోంది. (ఇప్పుడు చూస్తుందేమో చూసుకోమనండి.) మేనత్త గవ్వలు నములుతూనే తీర్పు చెప్పేసింది. "ఇది కుదరదు వదినా. బలం లేదు, పైగా ఆ నోరు. మావోడు నెమ్మదస్తుడు." పిన్ని తల వంచేసుకుంది. ఫ్లాస్కు మూత బిగిస్తూ కూర్చుంది. ఒక్క గంట అడిగితే ఇవ్వలేకపోయానని, ఆ వంచిన తల చూశాకే నాకు తెలిసొచ్చింది. ఆ ఫోటోని ఇక కోటు జేబులోంచి తీసెయ్యాలి కదా అని కూడా అనిపించింది, నిజం చెప్పాలంటే.

అప్పుడు, ఆ రోజు మొదటిసారి, అబ్బాయి నోరు విప్పాడు.

"అది తిరగదత్తా. ఒకటే రాయి. జాయింటు లేదు. రోలూ పొత్రం కలిపి ఒకే బండలోంచి తీశాడాయన. వంగి చూశాను ముందే."

నేను టీ కప్పు కింద పెట్టాను.

"ముందే చూశారా?"

"ఆఁ."

"నేను లాగకముందే తెలుసా?"

"తెల్సు."

ఇక నన్ను ఎవరూ ఆపలేదు, ఆపలేరు కూడా. తెలిసీ, కళ్ళముందు ఒక ఆడపిల్ల రాయికి కాలు అడ్డం పెట్టి చెమటలు కక్కుతుంటే, రక్తం తక్కువని పేరు పెట్టించుకుంటుంటే, నోట్లో బెల్లం గడ్డ ఉన్నట్టు నిలబడ్డారా అని మొదలుపెట్టాను. ప్రార్థనలో కళ్ళు తెరవడం దగ్గర్నుంచి, గేటు కీలు చూడటం దాకా ఒక్కటీ వదల్లేదు. అతను చివరిదాకా విన్నాడు. విని, చాలా మామూలుగా అన్నాడు.

"మాట్లాడొద్దంది అత్త. నేను నోరిప్పితే జీతం దగ్గర్నించి అన్నీ సెప్పేత్తానంట, సంబంధం సెడిపోద్దంట. గంట ఊరుకోమని ఒట్టేయించుకుంది." తర్వాత మేనత్త వైపు తిరిగి, "అత్తా, నాకీ పిల్లే కావాలి. వఫ్రాలో పొద్దుగూకులూ నాతో మాటాడే దిక్కు లేదు. పక్క తోటలో గొర్రెలున్నాయి గానీ, అయ్యి ఇంత బాగా మాటాడవు" అన్నాడు.

గొర్రెలతో పోలిక! పెళ్లిచూపుల్లో ఏ ఆడపిల్లకీ దక్కని గౌరవం నాకు దక్కింది. దానిమీద కూడా ఒక మాట అనబోయాను గానీ, పిన్ని నా నోట్లో గవ్వ కుక్కేసింది.

మామాకి సంగతి తెలియనే తెలిసింది. రెండు రోజులు పిన్నితో మాట్లాడలేదట. మూడోనాడు అట్ట ముక్కా, మార్కరూ తెచ్చి ముందు పెట్టి, "మీ వాళ్ళ భాషలో రాయి, యల్లా, కానియ్!" అందట. పిన్ని ఐదో తరగతి చదువు. వంకరటింకరగా, పెద్దపెద్ద అక్షరాలతో రాసిచ్చింది. మామా దాన్ని అద్దం కట్టించి ఆ నల్లరాయి పక్కన పెట్టించింది. (తర్వాత పిన్ని చెప్పి అక్కడ ఇంకొన్ని పెళ్లిచూపులు జరిగాయి. ఆ అట్టముక్క లేకపోతే ఆ రాయి పని అయిపోయేదే.)

వఫ్రా అబ్బాయి మా ఆయనయ్యాడు. ఫర్వానియాలో పనిలో చేరాడు. ఒట్టు తీరిపోయింది కదా, ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆయన నోరు మూసింది లేదు. ఇంట్లో ఇప్పుడు రెండు రేడియోలు. పిన్ని నడుంనొప్పితో మా ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళిన రెండో ఏడు, వానాకాలంలో పోయింది. సెలవు దొరక్క నేను ఆఖరిచూపుకి కూడా వెళ్ళలేకపోయాను. ఆ కోపం ఎవరిమీద చూపించాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మొన్నామధ్య ఒక శుక్రవారం రిగ్గై వైపు పని పడితే ఇద్దరం ఆ మ్యూజియానికి వెళ్ళాం. గార్డు మారాడు. రాళ్ళు మారలేదు, ముక్కులూ రాలేదు. ఆఖరి గదిలో రుబ్బురోలు అలాగే ఉంది. (తల్లీ బిడ్డా అని ఆయన చెక్కితే చెక్కుకున్నాడు, నాకది రుబ్బురోలే.) పక్కన అద్దంలో, కొంచెం పసుపెక్కిన అట్టమీద, మ్యూజియం మొత్తానికి ఉన్న ఒకే ఒక్క తెలుగు వాక్యం: 'దయచేసి తిప్పకండి అమ్మా, తిరగదు.' పిన్ని అక్షరాలు. చివర్న 'తిరగదు' దగ్గర చోటు చాలక, అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కి కూర్చున్నాయి.

గార్డు అటు వెళ్ళగానే మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో పొత్రం పట్టుకుని ఒక్కసారి లాగాను. వెనక నుంచి మా ఆయన "బలం లేదు. రక్తం తక్కువ" అన్నాడు. కడిగేద్దామని గిర్రున తిరిగి నోరు తెరిచాను. అద్దంలో పిన్ని అక్షరాలు కనపడ్డాయి. ఒక్క గంట ఆ నోరు మూసుకోవే అని బతిమాలిన మనిషి. ఆ రోజు ఇవ్వలేకపోయాను. నోరు మూసుకుని, ఆయన చెయ్యి పట్టుకుని లేచి, బస్సు ఎక్కి ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఒంట్లో బాగోలేదేమోనని ఆయన దారంతా నా నుదుటి మీద చెయ్యి వేసి చూస్తూనే ఉన్నాడు.